అంకె తెలిశాకే నిద్ర పట్టింది

మా ఇంట్లో డబ్బు వ్యవహారాలు పెళ్లయిన దగ్గర్నుంచీ మావారే చూసుకునేవారు. ఇద్దరి జీతాలూ వచ్చేవి, వాయిదాలు వాటంతట అవే ఖాతాలోంచి పోయేవి, మిగిలిన దాంట్లో ఇల్లు గడిచేది. ఆయన ఆరోగ్యం దెబ్బతిని చాలాకాలం పని మానేయాల్సి రావడంతో ఆ పద్దులన్నీ నా చేతికొచ్చాయి. ఒక జీతం ఆగిపోయింది. వైద్యం ఖర్చు కొత్తగా వచ్చి చేరింది. పాత వాయిదాలు మాత్రం తేదీ తప్పకుండా వస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత జరిగిందంతా ఒకచోట రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే మా పరిస్థితి బాగుపడిన వరస నేను అనుకున్నట్టు లేదు. డబ్బు కుదుటపడితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. తీరా చూస్తే మనసే ముందు కుదుటపడింది. అప్పులు తీరడానికి ఇంకా చాలా దూరం ఉండగానే నాకు నిద్ర పట్టడం మొదలైంది. మధ్యలో కొత్తగా జరిగిందల్లా నేను లెక్కలు నేర్చుకోవడమే.

మొదట్లో ఫోన్‌కి మెసేజ్ వస్తే చాలు, బ్యాంకు నుంచేమోనని కడుపులో తిప్పేది. రాత్రి పడుకున్నాక బుర్రలో ప్రశ్నలు మొదలయ్యేవి. ఇంటి అప్పు ఇంకా ఎంత ఉండొచ్చు? క్రెడిట్ కార్డు మీద ఎంత? ఆసుపత్రి కోసం తీసుకున్న పర్సనల్ లోన్ వడ్డీ ఎంత? ఒక్కదానికీ జవాబు తెలియదు. ఒకరోజు ‘ఏదోలా గట్టెక్కుతాంలే’ అనిపించేది, మర్నాడు అదే ఆలోచనకు గుండె గుభేలుమనేది. ఆ రెండు రోజుల మధ్య అప్పు పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. నా దగ్గర అంకె లేదు కాబట్టి భయానికి హద్దు లేదు, అంతే.

చూడాల్సిన కాగితాన్ని చూడకుండా పక్కన పెట్టడం నా ఒక్కదానికే ఉన్న జబ్బు కాదని తర్వాత చదివాను. కార్ల్‌సన్, లోవెన్‌స్టీన్, సెప్పి అనే ముగ్గురు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మార్కెట్ పెరుగుతున్నప్పుడు తమ ఖాతాలోకి తరచూ తొంగిచూసే మదుపరులు, మార్కెట్ పడుతున్నప్పుడు చూడటం తగ్గించేస్తారట. డబ్బు మదుపు పెట్టేవాళ్ల తీరే అలా ఉంటే, మామూలు మనుషుల సంగతి చెప్పాలా?

నాకు దారి చూపింది బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బాబాయి. సలహాలేమీ ఇవ్వలేదు. “ముందు ఒక కాగితం మీద అన్నీ రాయమ్మా, ఆ తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు. ఏం రాయాలో మాత్రం విడమరిచి చెప్పాడు: ఎవరికి బాకీ, ఈరోజుకి అసలు ఎంత మిగిలింది, వడ్డీ రేటు ఏడాదికి ఎంత, వాయిదా ఎంత, ఏ తేదీన, ఆఖరి వాయిదా ఎప్పుడు, ఈరోజే మొత్తం తీర్చేస్తే ఎంత కట్టాలి, ఒక వాయిదా తప్పితే ఏం జరుగుతుంది.

వినడానికి ఒక పూట పనిలా ఉంది కదా. కాదు. బాకీ ఎంతో, వాయిదా ఎంతో స్టేట్‌మెంట్లలో దొరికాయి. వడ్డీ రేటు గడి నింపడానికే ప్రాణం పోయింది. ఒకరు నెలకు ఇంత అని రాస్తారు, ఇంకొకరు ఏడాదికి ఇంత అంటారు, మరొకరు ఫ్లాట్ రేటు అంటారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కువో ఏది తక్కువో తెలియదు. ఈ మూడింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోవడమే నేను నేర్చుకున్న మొదటి పాఠం. నా దృష్టిలో డబ్బు చదువులో అన్నిటికన్నా పనికొచ్చేది కూడా ఇదే.

ఫ్లాట్ రేటు సంగతే చూడండి. మా పర్సనల్ లోన్ కాగితంలో వడ్డీ 12 శాతం ఫ్లాట్ అని ఉంది. ఇంటి అప్పు వడ్డీ 9 శాతం. పెద్ద తేడా లేదే అనుకున్నాను. బాబాయి ఒక లక్షకి లెక్క వేసి చూపించాడు. లక్ష అప్పు, 12 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ 36,000. మొత్తం 1,36,000ని 36 నెలలకు పంచితే నెలకు సుమారు 3,778. ఇక్కడ కిటుకు ఏమిటంటే, మనం నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటాం, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న లక్ష మీదే చివరిదాకా పడుతుంది. ఆఖరి నెలలో మన దగ్గర మిగిలిన బాకీ నాలుగు వేల లోపే ఉంటుంది, ఆ నెల వడ్డీ కూడా లక్షకే. అదే వాయిదాని తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే నిజమైన వడ్డీ రేటు ఏడాదికి 21 శాతం పైమాటే. స్ప్రెడ్‌షీట్‌లో రేట్ అనే ఫంక్షన్ ఉంటుంది. వాయిదాల సంఖ్య, వాయిదా మొత్తం, తీసుకున్న మొత్తం ఇస్తే నెలవారీ రేటు అదే చెబుతుంది, పన్నెండుతో గుణించుకోవాలి. ఆ ఒక్క ఫంక్షన్ నేర్చుకున్నాక ఏ లోన్ ప్రకటన చూసినా ముందు అక్కడ పెట్టి చూడటం అలవాటైంది.

కాగితం పూర్తయ్యాక కూడితే, మొత్తం నేను రాత్రిళ్లు ఊహించుకున్న దానికన్నా ఎక్కువే వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే, భయం పెరగలేదు. అంతకుముందు అది అన్ని పక్కల నుంచీ వచ్చి మీద పడేది, ఇప్పుడు అయిదారు వరుసల్లో కాగితం మీద కూర్చుంది. ఒక్కో వరుసకు ఒక తేదీ ఉంది, ఒక ముగింపు ఉంది. 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాలు దీనికి దగ్గరగా ఉంటాయి. పూర్తికాని పని బుర్రలో మెదులుతూ వేరే పనికి అడ్డు తగులుతుంటుంది. ఆ పని అప్పటికి పూర్తి కాకపోయినా, ఎప్పుడు ఎలా చేయాలో కచ్చితంగా ప్లాన్ వేసుకుంటే చాలు, ఆ అడ్డు తగ్గుతుందని వాళ్లు చూశారు. నా నిద్ర విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. అప్పు తీరలేదు, దానికో తేదీ వచ్చింది.

ఇంటి అప్పు దగ్గర మాత్రం మొదట గట్టి దెబ్బే తగిలింది. ఇరవై ఏళ్ల లోన్‌లో పదేళ్లు కట్టేశాం.

“బాబాయ్, సగం తీరిపోయి ఉండాలి కదా? ఇందులో ఇంకా డెబ్బై శాతం ఉన్నట్టు చూపిస్తోంది, ఎక్కడో పొరపాటు జరిగింది” అన్నాను.

“పొరపాటేం లేదమ్మా. తీరింది సగం కాలం, సగం అప్పు కాదు” అన్నాడు.

మళ్లీ లక్షకే లెక్క వేశాడు. 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లంటే వాయిదా సుమారు 900. మొదటి నెల వడ్డీ 750, అంటే అసలులోకి పోయేది 150 మాత్రమే. తర్వాతి నెల అసలు కాస్త తగ్గింది కాబట్టి వడ్డీ ఇంకాస్త తక్కువ, అసలులోకి ఇంకాస్త ఎక్కువ. ఇలా పాకుతూ పాకుతూ పదేళ్లయ్యేసరికి ఇంకా 71,000 మిగులుతుంది. వాయిదాలో సగం వడ్డీకి, సగం అసలుకి పోయే రోజు రావడానికే పన్నెండేళ్లు దాటుతుంది. మొత్తం ఇరవై ఏళ్లలో లక్షకి కట్టేది దాదాపు 2,16,000.

ఇది ఎవరి మోసమూ కాదు, మిగిలిన బాకీ మీద వడ్డీ వేస్తే లెక్క అలాగే వస్తుంది. కానీ లెక్క ఇలా నడుస్తుందని తెలిశాక ఇంకో సంగతి కూడా బయటపడింది. మొదటి నుంచీ ఆ 900 వాయిదాని పది శాతం పెంచి 990 చేస్తే, అప్పు ఇరవై ఏళ్లకు బదులు పదహారేళ్ల లోపే తీరిపోతుంది. అదనంగా కట్టిన ప్రతిదీ నేరుగా అసలులోంచి పోతుంది కాబట్టి. మాకు అప్పట్లో పెంచే స్తోమత లేదు. అయినా ఈ అంకె బుర్రలో ఉండిపోయింది, తర్వాత ఆయన మళ్లీ పనిలో చేరాక మొదట చేసిన పని అదే.

కార్డు కథ వేరు. అక్కడ కాలం మన పక్షాన ఉండదు. స్టేట్‌మెంట్‌లో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి, మొత్తం బాకీ, కనీస చెల్లింపు. కనీసం కడుతున్నాం కదా, లేటు ఫీజు పడటం లేదు కదా అనిపిస్తుంది. నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు బాకీలో 5 శాతం, కొత్తగా ఏమీ కొనడం లేదు అనుకుని నేనే కూర్చుని పన్నెండు నెలలకు వరుసగా లెక్క వేశాను. లక్ష బాకీ మీద ఏడాది పొడవునా కట్టింది 55,000. ఏడాది చివర మిగిలిన బాకీ 77,000. మధ్యలో 32,000 వడ్డీగా ఆవిరైపోయింది. ఆ పట్టిక చూశాక నాకు కోపం వచ్చింది, దిగులు కాదు. దిగులుతో మనిషి పడుకుంటాడు, కోపంతో లేచి ఏదో ఒకటి చేస్తాడు. నేను ఫోన్ తీసి ఆ కార్డుని నెలవారీ వాయిదాల్లోకి మారిస్తే వడ్డీ ఎంత పడుతుందో కనుక్కున్నాను.

వడ్డీ మీద వడ్డీని పట్టుకోవడానికి 72 సూత్రం నాకు బాగా పనికొచ్చింది. 72ని ఏడాది వడ్డీ రేటుతో భాగిస్తే, కట్టకుండా వదిలేసిన అప్పు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలిసిపోతుంది. 36 శాతమైతే రెండేళ్లు. 9 శాతమైతే ఎనిమిదేళ్లు. ఇటలీకి చెందిన గణిత పండితుడు లూకా పాచోలీ 1494లోనే దీన్ని తన పుస్తకంలో రాశాడు. అయిదు వందల ఏళ్లకు పైగా అచ్చులో ఉన్న ఈ చిన్న కిటుకుని, ఇన్నేళ్లు చదువుకున్న నాకు ఒక్క తరగతిలోనూ చెప్పలేదు. చక్రవడ్డీ సూత్రం మాత్రం మార్కుల కోసం బట్టీ పట్టాం.

ఇక పిల్లల చదువు కోసం దాచిన డిపాజిట్. దాన్ని ముట్టుకోకూడదన్నది మా ఇంట్లో రాయని చట్టం. డిపాజిట్ మీద వచ్చేది 6 శాతం, కార్డు మీద పోయేది 36 శాతం. అంటే అక్కడ లక్ష దాచుకుని ఇక్కడ లక్ష బాకీ ఉంచుకుంటే, పిల్లల పేరు చెప్పి ఏడాదికి 30,000 పోగొట్టుకుంటున్నట్టే. కాగితం మీద ఇంత తేటగా కనిపించినా, డిపాజిట్ రద్దు చేసే ఫారం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. ఒక్కో డబ్బుకు ఒక్కో పేరు పెట్టి, ఆ పేరుని బట్టి దానితో ఒక్కోలా నడుచుకోవడం మనుషుల సహజ గుణమని రిచర్డ్ థేలర్ 1980ల నుంచే రాస్తూ వచ్చాడు, 2017లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనసులో ఒక్కో అవసరానికి ఒక్కో డబ్బా ఉంటుంది, ఒక డబ్బాలోంచి తీసి ఇంకోదాంట్లో వేయడానికి ప్రాణం ఒప్పదు. నేను చివరికి మధ్యేమార్గం పట్టాను. డిపాజిట్లో పెద్ద భాగం తీసి కార్డు మూసేశాను, ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా మాత్రం కదపలేదు. కార్డుకి పోతున్న డబ్బునే తర్వాత నెలనెలా డిపాజిట్‌లోకి మళ్లించాను. లెక్కలు తెలిసినవాళ్లు ఆ నెల ఖర్చు కూడా కార్డుకే కట్టేయమంటారు. కానీ చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉండటం ఎలా ఉంటుందో ఆ లెక్కలో ఉండదు.

అన్నిటికన్నా నాకు ఆసక్తిగా అనిపించింది మాత్రం చేబదులు సంగతి. ఆసుపత్రి రోజుల్లో మా ఆడపడుచు కొంత డబ్బు సర్దింది. వడ్డీ లేదు, గడువు లేదు, “ఉన్నప్పుడు ఇద్దువులే వదినా” అంది. నా కాగితంలో వడ్డీ గడిలో సున్నా ఉన్న ఏకైక బాకీ అదే. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చాలి, సున్నా వడ్డీని అందరికన్నా చివర. ఏ పుస్తకం తిరగేసినా ఇదే చెబుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ నా మీద అన్నిటికన్నా బరువుగా ఉన్నది అదే. ఆమె ఫోన్ చేస్తే డబ్బు కోసమేమోనని అనుమానం, చేయకపోతే మనసులో ఏమనుకుంటోందోనని అనుమానం. ఒకప్పుడు గంటలు గంటలు మాట్లాడుకునే మేమిద్దరం పొడిపొడిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

కార్డు మూసేశాక చేతిలో ఆడిన మొదటి డబ్బుని పర్సనల్ లోన్‌కి కాకుండా ఆమెకే ఇచ్చాను. దాని వల్ల లోన్ మీద నాకు అదనంగా ఎంత వడ్డీ పడుతుందో ముందే లెక్క వేసుకున్నాను. ఆ ఖరీదు నాకు సబబుగానే అనిపించింది. లెక్కలు రావడం వల్ల కలిగిన లాభం ఇక్కడ మరో రకంగా ఉంది. లెక్క రానప్పుడు కూడా బహుశా ముందు ఆమెకే ఇచ్చేదాన్నేమో, కానీ ‘తప్పు చేస్తున్నానా’ అనే పీకులాట ఉండేది. ఎంత నష్టపోతున్నానో తెలిసి ఇచ్చినప్పుడు ఆ పీకులాట లేదు. చిన్న బాకీలు ముందు మూసేసుకుంటూ పోతే వడ్డీ కాస్త ఎక్కువైనా అప్పులన్నీ తీర్చేదాకా నిలబడే అవకాశం ఎక్కువని గాల్, మెక్‌షేన్ 2012లో ఒక అధ్యయనంలో చూపించారు. వరుసల్లో ఒకటి కొట్టేసినప్పుడు కలిగే ఊరట ఎంతో నాకు తెలుసు కాబట్టి అది నమ్మడానికి నాకు కష్టం కాలేదు.

అప్పు ఇచ్చిన సంస్థతో మాట్లాడటం గురించి కూడా కాస్త చెప్పాలి. ఫోన్ చేయడానికి ఎంత భయపడ్డానో! కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడితే సంభాషణే మారిపోయింది. “మాకు కష్టంగా ఉందండీ, ఏమైనా చేయండి” అంటే అవతలి మనిషి దగ్గర కూడా జవాబు ఉండదు. “మా ఆదాయం ఇంతకు తగ్గింది, నెలకు ఇంత కట్టగలను, గడువు ఇన్ని నెలలు పొడిగిస్తే సరిపోతుంది, పొడిగిస్తే మొత్తం వడ్డీ ఎంత పెరుగుతుందో రాతపూర్వకంగా ఇవ్వండి” అంటే వాళ్లూ సూటిగా మాట్లాడతారు. ఒక సంస్థ ఒప్పుకుంది, ఇంకొకటి అసలు పట్టించుకోలేదు. రెండోచోట వాయిదా తప్పకముందే అడిగాను కాబట్టి వేరే దారి చూసుకునే వ్యవధి మాత్రం దొరికింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మే నుంచి దీనికో చట్టబద్ధమైన ఏర్పాటు ఉంది. అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు సలహాదారు ద్వారా దరఖాస్తు చేసుకుంటే 60 రోజుల పాటు చాలావరకు అప్పుల మీద వడ్డీలు, చార్జీలు, వసూలు చర్యలు ఆగుతాయి. మానసిక సంక్షోభంలో చికిత్స పొందుతున్నవాళ్లకైతే ఆ చికిత్స జరిగినన్నాళ్లూ, ఆ పైన మరో 30 రోజులూ ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పునీ మనసునీ కలిపి చూసిన చట్టం అది, అందుకే చదవగానే నాకు గుర్తుండిపోయింది.

డబ్బు కష్టం మనిషి తెలివినే తినేస్తుందన్న సంగతి కూడా చదివాక కానీ నాకు బోధపడలేదు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనా శక్తికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. అవే బుర్రలు, అదే చదువు. డబ్బు వచ్చాక పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేశారు. నేను ఆ రోజుల్లో ఆఫీసులో చిన్న చిన్న ఈమెయిళ్లు రెండుసార్లు చదువుకునేదాన్ని. స్టవ్ మీద ఏదో పెట్టి మరిచిపోయేదాన్ని. వయసు మీద పడుతోందనుకున్నాను. బుర్రలో సగం చోటు ఎప్పుడూ వాయిదాలకే పోతుండేదని ఇప్పుడు తెలుస్తోంది.

మావారి విషయంలో మాత్రం ఈ లెక్కలు సరిపోలేదు, అది దాచకుండా చెప్పాలి. ఆయనకు డబ్బు లెక్కలు నాకన్నా ఎంతో బాగా తెలుసు. సంపాదించడం లేదన్న బాధ, ఇంటికి భారమయ్యానన్న ఆలోచన ఆయన్ని కుంగదీశాయి. నేను ఉత్సాహంగా కాగితం పట్టుకెళ్లి “చూడండి, కార్డు మూసేశాం” అంటే, ముఖం తిప్పుకునేవారు. చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాం, మందులు, కౌన్సెలింగ్ నడిచాయి. డిప్రెషన్‌కి స్ప్రెడ్‌షీట్ మందు కాదు. అయితే మనిషి కాస్త తేరుకున్నాక తిరిగి నిలబడటానికి ఆ కాగితం పనికొచ్చింది. ఒకరోజు ఆయనే అడిగి తీసుకుని, నేను బీమా ప్రీమియం తేదీ తప్పుగా రాసిన చోట దిద్దారు. ఆ తర్వాత మెల్లగా నెలకోసారి ఇద్దరం కలిసి కూర్చోవడం అలవాటైంది. అంతకుముందు మా గొడవలు “నువ్వెప్పుడూ ఇంతే”, “మీకేం తెలుసు” దగ్గర మొదలై ఎక్కడో తేలేవి. కాగితం మధ్యలో ఉంటే గొడవ ఆ వరుస దగ్గరే ఉంటుంది. గొడవలు పోయాయని అనను, పొట్టివయ్యాయి.

ఈ చదువుని అందరికీ తరగతులు పెట్టి చెప్పేస్తే సరిపోతుందా అంటే, అంత సులువు కాదు. అన్నామరియా లుసార్డి, ఒలీవియా మిచెల్ 2004లో అమెరికాలో యాభై దాటినవాళ్లను మూడంటే మూడు ప్రశ్నలు అడిగారు, ఒకటి వడ్డీ గురించి, ఒకటి ధరల పెరుగుదల గురించి, ఒకటి డబ్బంతా ఒకే కంపెనీ షేర్లలో పెట్టడం గురించి. మూడింటికీ సరిగ్గా చెప్పినవాళ్లు మూడోవంతు మాత్రమే. మరోపక్క 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ 201 అధ్యయనాలను కలిపి చూస్తే, మనుషుల ఆర్థిక ప్రవర్తనలో ఉన్న తేడాల్లో పాఠాలు వివరించగలిగింది 0.1 శాతమే. పాఠాల ప్రభావం కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది, కాబట్టి అవసరం వచ్చిన వేళకే నేర్పడం మేలన్నది వాళ్ల సూచన. ఆ తర్వాత 2022లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణ పాఠాల వల్ల మంచి ఫలితమే ఉందని తేల్చింది, కాబట్టి వాదన ఇంకా ముగియలేదు. నా మటుకు నాకు ‘అవసరం వచ్చిన వేళకు’ అన్న మాట సరిగ్గా సరిపోయింది. ఫ్లాట్ రేటు గురించి పదేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఆవలించేదాన్ని.

అసలు ఆదాయమే చాలని ఇళ్లుంటాయి. రాబడి కన్నా తప్పనిసరి ఖర్చే ఎక్కువైతే ఎన్ని గడులు గీసినా లోటు లోటే. అలాంటివాళ్లకు ‘బడ్జెట్ వేసుకోండి’ అని నీతులు చెప్పేవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మాకు ఒక జీతమైనా ఆగకుండా వచ్చింది కాబట్టి ఈ లెక్కలు పనిచేశాయి.

లెక్కల పిచ్చి పట్టే ప్రమాదం కూడా లేకపోలేదు. కొన్నాళ్లు నేను ఖర్చుల యాప్‌ని పొద్దున లేవగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, మధ్యలో టెన్షన్ వచ్చినప్పుడల్లా తెరిచి చూసేదాన్ని. మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజుకి ఏదో కొనుక్కోవడానికి అడిగితే, జవాబు చెప్పేముందు ఫోన్ తీశాను. “అమ్మా, ఉంటే ఉందను, లేకపోతే లేదను, ఆ ఫోన్ మాత్రం చూడకు” అంది. యాప్ తీసేశాను. ఇప్పుడు ఇంటి ఖర్చుకి విడిగా ఒక ఖాతా ఉంది, నెల మొదట్లో అందులోకి కొంత పంపుతాను, అందులో ఉన్నంతవరకు ఎవరినీ లెక్క అడగను, నన్ను నేను కూడా.

నెల ఖర్చుకి సరిపడా పక్కన పెట్టిన ఆ డబ్బు సంగతి చెప్పకపోతే ఎలా. మూడు నుంచి ఆరు నెలల ఖర్చు దాచుకోవాలని అందరూ అంటారు. అప్పుల్లో ఉన్నవాళ్లకు ఆ మాట వింటేనే నీరసం వస్తుంది. ఒక్క నెలది ఉన్నా తేడా తెలుస్తుంది. వాషింగ్ మెషిన్ పాడైనప్పుడు అంతకుముందైతే కార్డు బయటికి వచ్చేది, దాని వెనకే మళ్లీ ఆ 3 శాతం. ఈసారి మెకానిక్‌ని పిలిచి, బాగు చేయించి, డబ్బులిచ్చి పంపేశాను. అది ఒక సంఘటనగా కూడా అనిపించలేదు. సాయంత్రం మావారు “మెషిన్ ఏమైంది?” అని అడిగితే, ఆ విషయమే మరిచిపోయానని గుర్తొచ్చింది.

పర్సనల్ లోన్ ఈమధ్యే ముగిసింది. ఇంటి అప్పు నడుస్తోంది, పెంచిన వాయిదాతో. ఇప్పుడు మా నెలవారీ కూర్చోవడంలో నలుగుతున్నది రిటైర్మెంట్ లెక్క. అక్కడ 72 సూత్రం ఎదురు తిరుగుతుంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో డబ్బు విలువ సగమవుతుంది, అంటే ఈరోజు సరిపోయే పింఛను మాకు ముసలితనం వచ్చేసరికి సగం పనికే వస్తుంది. ఆయన డిపాజిట్లే భద్రమంటారు. 6 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్, 6 శాతం పెరిగే ధరలు, పైన పన్ను, ఇక భద్రమెక్కడ అంటాను నేను. కొంత మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలన్నది నా వాదన, మార్కెట్ పడినప్పుడు నీ నిద్ర ఏమవుతుందన్నది ఆయన వాదన. అది తేలేలోపు ఖాతాలన్నిటికీ నామినీ పేర్లు సరిచూసే పని పెట్టుకున్నాం. రెండు పాత పాలసీల్లో ఇంకా మా అత్తగారి పేరే ఉంది, ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. వాటిని మార్చే ఫారాలు తెచ్చాం, ఆయన సంతకాలు పెట్టాలి.